అతుకు ఎంత బలం?

ఇంట్లో ఏ వస్తువు పాడైనా ఒక్కసారి పరకాయించి చూడండి. చెప్పు తెగితే పట్టీ కుట్టిన చోట తెగుతుంది. బకెట్టు విరిగితే చెవి దగ్గిర విరుగుతుంది. కుర్చీ కాలు బిగించిన చోటే కదులుతుంది. రవిక చిరిగితే కుట్టు వెంబడి చిరుగుతుంది. తోలుకూ, కర్రకూ, గుడ్డకూ ఏమీ కాదు. రెంటిని కలిపిన చోటే చేటు వస్తుంది. వస్తువు ఎంత గట్టిదో తెలుసుకోవాలంటే దాని అతుకు ఎంత గట్టిదో తెలుసుకుంటే చాలునన్నమాట.

బకెట్టు చెవి ఊడితే మహా అయితే కాసిని నీళ్ళు ఒలికిపోతవి. ముప్ఫయి వేల అడుగుల ఎత్తున ఎగిరే విమానంలో అతుకు ఊడితే? ఈ ప్రశ్న ఊరికే వేసింది కాదు. ఈ రోజుల్లో కొన్ని విమాన భాగాలను ప్లాస్టిక్కుతో చేసి, ఆ ప్లాస్టిక్కును కరిగించి, ఒకదానికొకటి అతికిస్తున్నారు. ఆ అతుకు ఎట్లా పడుతుంది, ఎంత బరువు ఆపుతుంది, ఎప్పుడు ఓడిపోతుంది అనే సంగతులు ఈ వారం చెప్పుకుందాం.

మట్టిగోడ, వరిగడ్డి

విమానానికి వాడే ప్లాస్టిక్కు ఉత్త ప్లాస్టిక్కు కాదు. పూర్వం మట్టిగోడలు పెట్టేవాళ్ళు మట్టిలో వరిగడ్డి వేసి తొక్కేవారు. ఉత్త మట్టి ఎండితే బీటలు వేస్తుంది. గడ్డిపరకలు మట్టిని విడిపోకుండా పట్టి ఉంచుతవి. మట్టి గడ్డిని వంగకుండా నిలబెడుతుంది. ఇవి కూడా అటువంటి మిశ్రమ పదార్థాలే. ఇక్కడ గడ్డికి బదులు గాజు పోగులో, కార్బన్ పోగులో ఉంటవి. మట్టికి బదులు ప్లాస్టిక్కు ఉంటుంది. కార్బన్ పోగు మందం సుమారు 7 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుకలో దాదాపు పదోవంతు. అది తూకంలో ఉక్కులో నాలుగోవంతు కూడా ఉండదు గాని, పొడుగునా లాగితే మామూలు ఉక్కును మించి నిలుస్తుంది.

పోగులను పొదిగే ప్లాస్టిక్కులు రెండు జాతులు. ఒకటి కోడిగుడ్డు వంటిది, రెండోది నెయ్యి వంటిది. గుడ్డు ఒకసారి ఉడికితే మళ్ళీ పచ్చిగుడ్డు కాదు. ఎంత కాచినా మాడుతుందే గాని కరగదు. 1907లో లియో బేక్‌లండ్ కనిపెట్టిన బేకలైటు ఈ జాతిది. పాతకాలపు కరెంటు స్విచ్చీలకూ, పెనం పిడులకూ దానిని వాడటానికి కారణం అదే. 2009లో మొదటిసారి ఎగిరిన బోయింగు 787 విమానం తూకంలో సగం మిశ్రమ పదార్థాలే. అందులో ఎక్కువ భాగానికి వాడిన ఎపాక్సీ కూడా గుడ్డు జాతే. రెండో జాతి ప్లాస్టిక్కు నెయ్యి మాదిరి వేడికి కరిగి, చల్లారితే పేరుకుంటుంది. మళ్ళీ వేడిచేస్తే మళ్ళీ కరుగుతుంది. పాలప్యాకెట్టు, నైలాను తాడు, బకెట్టు ఈ జాతివే. విమానాలకు పనికివచ్చే పీక్, పీపీఎస్ అనే ప్లాస్టిక్కులు కూడా ఈ కులంలో పెద్ద ఇంటి బిడ్డలే. పీపీఎస్ సుమారు 280 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గిరా, పీక్ 343 డిగ్రీల దగ్గిరా కరుగుతవి.

ఇనుప రేకులనయితే రివెట్లు కొట్టి కలుపుతారు గదా, దీనికి మాత్రం ఆ పని ఎందుకు చెయ్యరాదు? చెయ్యవచ్చు, చేస్తున్నారు కూడా. కాని రివెట్టుకు రంధ్రం కావాలి. రంధ్రం వేస్తే పోగులు తెగుతవి. బలమంతా పోగులలోనే ఉన్నప్పుడు వాటినే కత్తిరించుకోవటం కొమ్మ మీద కూర్చుని కొమ్మనే నరుక్కోవటం వంటిది. జిగురు పెట్టి అతికించవచ్చు; అయితే దానికి పైభాగాలను అతి శుభ్రంగా తయారుచేయాలి, జిగురు గట్టిపడటానికి గంటలు పడుతుంది. నెయ్యి జాతి ప్లాస్టిక్కుకు ఈ రెండు బాధలూ లేవు. కరిగించి, నొక్కి, చల్లార్చితే అతుకు పడుతుంది. కొన్ని పద్ధతులలో ఒక్కొక్క అతుకుకు పట్టే కాలం సెకండ్లలో లెక్క.

అతుకు పడేదెట్లా?

పాలప్యాకెట్టు అంచు చూడండి. అక్కడ జిగురు లేదు, కుట్టు లేదు. రెండు పొరలను వేడిచేసి నొక్కారు, అంతే. ఆ వేడిలో ఏం జరిగింది?

ప్లాస్టిక్కు అణువులు పొడుగాటి గొలుసులు. ఒకదానిలో ఒకటి చిక్కుపడి, వండిన సేమ్యా మాదిరి ఉంటవి. చల్లగా ఉన్నప్పుడు ఈ సేమ్యా కదలదు. కరిగినప్పుడు ఒక్కొక్క గొలుసూ పొదలో పాము పాకినట్లు తన దారిన తాను పాకుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియెర్ గిల్ ద జెన్ 1971లో ఈ పాముపాకుడు సిద్ధాంతం చెప్పాడు. 1991లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. కరిగిన రెండు పొరలను ఆనించి పట్టుకుంటే ఇటు గొలుసులు అటూ, అటు గొలుసులు ఇటూ పాకి చిక్కుపడతవి. చల్లారేసరికి రెండు పొరల నడుమ హద్దు చెరిగిపోతుంది.

దీనికి ముందుగా రెండు పైభాగాలు నిజంగా తగలాలి. కంటికి నున్నగా కనిపించే పలక కూడా భూతద్దం కింద గుట్టలూ గుంటలూగానే ఉంటుంది. అందుకే నొక్కటం. ఆ తరవాత గొలుసులు దాటటానికి కాలం కావాలి. 1981లో వూల్, ఓకానర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ కాలానికీ బలానికీ ఒక లెక్క చూపించారు. ఆ లెక్క ప్రకారం, పూర్తి బలం వచ్చేలోగా, బలం రెట్టింపు కావాలంటే కాలం పదహారు రెట్లు కావాలి. మొదట గబగబా పెరిగి, తరవాత నింపాదిగా పెరుగుతుందన్నమాట. ప్లాస్టిక్కు బాగా కరిగి ఉంటే గొలుసులు దాటటానికి ఎంతో సేపు పట్టదు. ఎక్కువ అతుకులను చెడగొట్టేది పైభాగాలు సరిగా తగలకపోవటమే.

వేడి పుట్టించటానికి విమాన కర్మాగారాలలో ముఖ్యంగా మూడు పద్ధతులున్నవి. రెండు పలకల నడుమ సన్నని లోహపు జల్లెడ వంటిది పెట్టి, అందులో కరెంటు పారించి, కుంపటి తీగ మాదిరి వేడెక్కించటం ఒకటి. ఆ జల్లెడ అతుకులోనే ఉండిపోతుంది. అయస్కాంతపు తీగచుట్ట ద్వారా కార్బన్ పోగులలోనే కరెంటు పుట్టించి వేడెక్కించటం రెండోది. సెకండుకు 20,000 సార్లు కదిలే పరికరంతో నొక్కి, ఆ అదురుకు నడుమనున్న పలచని ప్లాస్టిక్కు పొరను కరిగించటం మూడోది. ఈ మూడో పద్ధతి మీద హాలండులోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో చాలా పని జరిగింది. యంత్రం ఎంత శక్తి లాగుతున్నదో, పైపలక ఎంత కిందికి దిగుతున్నదో చూస్తూ, లోపలి పొర ఎప్పుడు కరిగిందో చెప్పవచ్చునని వారు చూపారు. అన్నం మెతుకు పట్టి చూడకుండా, ఆవిరి తీరును బట్టి ఉడికిందో లేదో చెప్పటం వంటిది ఇది.

బలం ఎంత?

రెండు పలకలను అరంగుళం మేర ఒకదాని మీద ఒకటి ఎక్కించి, అంగుళం వెడల్పున అతికించి, రెండు కొసలూ పట్టి లాగటం మామూలు పరీక్ష. కార్బన్ పోగులూ పీపీఎసూ, పీకూ వంటి ప్లాస్టిక్కులూ కలిసిన పలకలలో మంచి అతుకు చదరపు సెంటీమీటరుకు 300 నుంచి 500 కిలోల దాకా ఆపుతుంది. నడిమి లెక్క తీసుకుంటే, మన బొటనవేలంత అతుకుకు ఒక చిన్న కారును వేలాడదీయవచ్చు.

అబ్బో, ఎంత బలం అనిపిస్తుంది. కాని అదే పలకను, పోగులన్నీ ఒకే దిక్కున పేర్చినదానిని, పోగుల వెంబడి లాగితే చదరపు సెంటీమీటరుకు సుమారు 20 టన్నులు ఆపుతుంది. పలక బలం ముందు అతుకు బలం ఏపాటి? ఈ తేడాకు కారణం మట్టిగోడే చెబుతుంది. పాతగోడకు కొత్తమట్టి మెత్తితే మట్టి మట్టిని పట్టుకుంటుంది గాని, గడ్డిపరకలు ఇటునుంచి అటు పోవు. అందుకే మెత్తిన చోట పెళ్ళ ఊడుతుంది. వెల్డింగులోనూ అంతే. గొలుసులు హద్దు దాటుతవి గాని పోగులు దాటవు. రెండు తాళ్ళను కలిపేటప్పుడు పురులు విప్పి ఒకదానిలో ఒకటి జొనిపి మళ్ళీ పేనవచ్చు. పలకల విషయంలో ఆ వీలు లేదు. అతుకులో బరువు మోసేది ఉత్త ప్లాస్టిక్కే.

మోటారు కార్లలో ఇంజనులోకి గాలిని తీసుకుపోయే గొట్టాన్ని గాజుపోగులు కలిపిన నైలానుతో రెండు ముక్కలుగా పోతపోసి, ఒకదానితో ఒకటి రాపాడించి, ఆ రాపిడి వేడితో అతికించటం కద్దు. పోగుల వల్ల ముక్కలకు వచ్చిన అదనపు బలం అతుకు దగ్గిర దాదాపు దక్కదు. పైగా బలంగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్కు పక్కలకు పారుతూ పోగులను అతుకు వెంబడి పడుకోబెడుతుంది. అట్లా పడుకున్న పోగు ఎందుకూ కొరగాదు. అందుకని ఇంజనీర్లు అతుకు ఉన్న చోట గోడను మందం చేస్తారు.

విమానపు పలకలలో అయితే అతుకు వైశాల్యం పెంచుతారు. మరి అరంగుళం అతుకు 1300 కిలోలు ఆపితే అంగుళం అతుకు 2600 ఆపుతుందా? ఆపదు. 1938లో జర్మనీలో ఫోల్కర్సన్ అనే ఆయన, ఇటువంటి అతుకులో బరువు అంతటా సమంగా పడదనీ, రెండు కొసల దగ్గిరే పోగుపడుతుందనీ లెక్కకట్టి చూపాడు. నడిమి భాగం చాలావరకు ఊరికే కూర్చుంటుంది. సమష్టి కుటుంబంలో సంపాదించే ఇద్దరి మీదే ఇంటి భారమంతా పడ్డట్టు! 1944లో గోలండ్, రైస్నర్ అనే వారు మరో సంగతి చెప్పారు. ఒకదాని మీద ఒకటి ఎక్కిన పలకలు ఒకే వరసలో ఉండవు గనుక లాగినప్పుడు అతుకు వంగి, కొసలు పైకి లేస్తవి. కవరు మీద అంటించిన బిళ్ళను పక్కకు లాగితే రాదు; గోటితో అంచు లేపితే ఇట్టే వస్తుంది. లేపే శక్తికి ఏ అతుకైనా లోకువే. అందుకనే కొసలు ఏటవాలుగా చెక్కుతారు, అంచున కాస్త ప్లాస్టిక్కు మిగిలేటట్లు చూస్తారు.

విరిగిన అతుకు చెప్పే కథ

అతుకు ఎంత బరువుకు విరిగింది అన్నదానికన్నా ఎట్లా విరిగింది అన్నది ముఖ్యం. విరిగిన ముఖాన్ని భూతద్దం కింద పెట్టి ఇంజనీర్లు శవపరీక్ష చేసినట్లు చూస్తారు.

ముఖం అద్దంలా నున్నగా ఉంటే అతుకు పడనే లేదని అర్థం. వేడి చాలలేదు, లేదా ఒత్తిడి చాలలేదు. గొలుసులు గడప దాటలేదు. ముఖం గరుకుగా, ప్లాస్టిక్కు సాగి చిరిగినట్లు ఉంటే అతుకు పడింది, ప్లాస్టిక్కు తన శక్తికొద్దీ పోరాడి ఓడింది. పోగులు కడిగినట్లు బోసిగా బయటపడితే ప్లాస్టిక్కుకు పోగు మీద పట్టు చాలలేదన్నమాట. అతుకు చెక్కు చెదరక, దాని పక్కనున్న పలక పొరే చీలివస్తే ఇంజనీరు సంతోషిస్తాడు. అక్కడ అతుకు నెగ్గింది, పలకే ఓడింది.

ముఖం నిండా చిన్న చిన్న గుల్లలుంటే తేమ గాని, గాలి గాని లోపల చిక్కిందని తెలుస్తుంది. నైలాను తేమను బాగా పీలుస్తుంది. వేడి తగలగానే ఆ తేమ ఆవిరై బుడగలు కడుతుంది. చల్లారకముందే ఒత్తిడి తీసినా పలక లోపలి పొరలు ఉబ్బుతవి. మరీ వేడి చేస్తే గొలుసులు తెగి, ప్లాస్టిక్కు మాడి పెళుసవుతుంది. చల్లార్చే వేగానికి కూడా ఒక లెక్క ఉన్నది. పీక్ వంటి దానిని నెమ్మదిగా చల్లారిస్తే గొలుసులు వరసగా అమరి గట్టిగా, బిరుసుగా తయారవుతుంది. గబాలున చల్లారిస్తే మెత్తదనం ఎక్కువై పగులును బాగా అడ్డుకుంటుంది. పాకం ముదిరితే ఉండ రాయవుతుంది, లేతదైతే నిలవదు. సమయం తెలియటమే నేర్పు.

కంటికి కనపడని శత్రువు

అన్నిటికన్నా ప్రమాదమైన అతుకు మరొకటి ఉన్నది. అందులో రెండు పైభాగాలూ పూర్తిగా ఆనుకుని ఉంటవి. గుల్ల లేదు, సందు లేదు. శబ్దతరంగాలు పంపి చూస్తే అడ్డులేకుండా దాటిపోతవి. కాని లోపల గొలుసులు కలవలేదు. ముద్దు పెట్టుకున్నంత మాత్రాన పెళ్ళి అయినట్లు కాదు గదా! ఇంజనీర్లు నిజంగానే దీనిని ముద్దు అతుకు అని పిలుస్తారు. సందు ఉన్నదో లేదో పరీక్ష చెబుతుంది. బలం ఉన్నదో లేదో చెప్పలేదు.

దీనికి ఇంత భయం ఎందుకో పాత సంగతులు రెండు చెబుతవి. 1943 జనవరి 16న అమెరికాలో పోర్ట్‌లండ్ రేవులో, స్కెనెక్టడీ అనే సరికొత్త ఓడ, నీళ్ళు నిశ్చలంగా ఉన్న సమయంలో, కట్టివేసిన చోటనే నడిమికి విరిగింది. అది రివెట్లు లేకుండా ఉక్కు వెల్డింగుతో కట్టిన ఓడ. ఆ ఉక్కు చలికి పెళుసైంది, వెల్డింగులో లోపాలున్నవి. రివెట్ల ఓడలో ఒక పలకలో పుట్టిన పగులు పలక అంచుదాకా వచ్చి ఆగిపోతుంది. వెల్డింగు ఓడలో పలకలన్నీ ఒకటే. పగులుకు ఆగే చోటే లేదు. తరవాత అటువంటి ఓడలకు పగులును ఆపటానికని రివెట్ల పట్టీలు వేశారు.

రెండోది 1988 ఏప్రిల్ 28న జరిగింది. హవాయి ద్వీపాలలో హిలో నుంచి హోనొలూలూ పోతున్న అలోహా విమానం పైకప్పు 24,000 అడుగుల ఎత్తున సుమారు 18 అడుగుల పొడుగున ఎగిరిపోయింది. లోపల 95 మంది ఉన్నారు. ఒక విమాన పరిచారిక గాలిలో కొట్టుకుపోయి మరణించింది. తక్కిన వారితో విమానం ఎట్లాగో కిందికి దిగింది. అది అల్యూమినియం విమానం. రేకుల అతుకులో జిగురూ ఉన్నది, రివెట్లూ ఉన్నవి. జిగురు ఊడేసరికి బరువంతా రివెట్ల మీద పడింది. 89,680 సార్లు ఎగిరి దిగిన ఆ విమానంలో రివెట్టు రంధ్రాల నుంచి పగుళ్ళు పుట్టి ఒకదానితో ఒకటి కలిసిపోయినవి. ఊడిన అతుకును ముందుగా కనిపెట్టలేకపోవటమే కారణమని విచారణ సంఘం తేల్చింది.

అందుకే 2009లో అమెరికా విమానయాన శాఖ ఇచ్చిన మార్గదర్శక పత్రం ప్రాణం మీదికి తెచ్చే జిగురు అతుకులకు మూడు దారులు చూపింది. అతుకు ఒక మేర ఊడినా, అక్కడే ఆగి, మిగిలిన భాగం బరువు మోసేటట్లు కట్టాలి. లేదా తయారైన ప్రతి భాగాన్నీ బరువు పెట్టి పరీక్షించాలి. లేదా అతుకు బలాన్ని విరగగొట్టకుండా ప్రతిసారీ నిజంగా చెప్పగల పరీక్ష ఉండాలి. మూడో దారి అన్నిటికన్నా కష్టమైనది. ఎందుకో ముద్దు అతుకు చెప్పనే చెప్పింది. వెల్డింగు అతుకులను కూడా ఇంజనీర్లు ఇదే ప్రశ్న అడుగుతున్నారు. చాలాచోట్ల అతికించిన తరవాత కూడా అక్కడక్కడ కొన్ని మరలు బిగించటానికి కారణం ఇదే. అతుకు అంతా మోస్తుంది, మర ఊరికే ఉంటుంది. అతుకు ఊడటం మొదలుపెట్టిన నాడు మర ఆ పగులును ఆపుతుంది.

ఇన్ని భయాలున్నా పని ముందుకే పోతున్నది. ఎయిర్‌బస్ ఎ 340-600, ఎ 380 విమానాల రెక్కల ముందు అంచులను గాజుపోగుల పీపీఎస్‌తో చేసి, వేడి జల్లెడ పద్ధతిలో అతికించారు. గల్ఫ్‌స్ట్రీమ్ జి 650 విమానపు తోక భాగాలకు అయస్కాంత పద్ధతి వాడారు. యూరపు దేశాల వారు కలిసి 8 మీటర్ల పొడుగు, 4 మీటర్ల వ్యాసం గల విమాన శరీరాన్ని నెయ్యి జాతి ప్లాస్టిక్కుతో నమూనాగా చేశారు. పై సగం జర్మనీలో, కింద సగం హాలండులో తయారైనవి. తరవాత జర్మనీలోని స్టాడె పట్టణంలో ఆ రెంటినీ ఒకవైపు అదురు పద్ధతితోనూ, రెండోవైపు లేజరు వెలుగుతోనూ అతికించారు. రంధ్రాలు తగ్గితే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే ఇంధనం ఖర్చు తగ్గుతుంది. ముసలిదైన విమానపు ప్లాస్టిక్కును మళ్ళీ కరిగించి వాడుకునే వీలు కూడా ఉన్నది.

ఈ జ్ఞానం మన పెరట్లో కూడా పనికివస్తుంది. ప్లాస్టిక్కు బకెట్టు పగిలితే సలాకీ కాల్చి అతికించే వాళ్ళున్నారు. అతుకు పడాలంటే అతికే ముక్క కూడా అదే ప్లాస్టిక్కు కావాలి. వేరు జాతి గొలుసులు ఒకదానిలో ఒకటి కలవవు. అడుగున మూడు బాణాల గుర్తులో అంకె చూడండి. 2 అంకె ఉన్నదానికి 2, 5 ఉన్నదానికి 5 వాడాలి. 3 అంకె ఉన్నదానిని కాల్చవద్దు, దాని పొగ హానికరం. బీట పొడుగునా రెండు అంచులూ కడిగి, ఆరబెట్టి, రెంటినీ కరగనిచ్చి, నొక్కి, పూర్తిగా చల్లారేదాకా కదల్చకుండా పట్టుకోవాలి. పైపైన కరిగించి పూస్తే అది ముద్దు అతుకే అవుతుంది.

ఎంత బాగా అతికినా, ఆ బకెట్టులో కాగిన నీళ్ళు మాత్రం పోయకండి. వేడికి ప్లాస్టిక్కు మెత్తబడుతుంది, పసిపిల్లలు తిరిగే ఇల్లు. దానిని మొక్కలకు నీళ్ళు పోయటానికి ఉంచుకుని, పిల్లల స్నానానికి అతుకులేని బకెట్టు వాడండి. అతుకు విరగదని ఎవరూ ప్రమాణం చెయ్యలేరు. విరిగినా ఎవరికీ ప్రాణాపాయం లేని చోట దానిని పెట్టటం మాత్రం మన చేతిలో ఉన్నది. విమానం కట్టే ఇంజనీరు తెల్లవార్లూ కూర్చుని వేసే లెక్క కూడా ఇదే.